ఫొటో వెనక ఏం రాసి ఉంది? విశాఖ జ్ఞాపకాల సేకరణలో చిక్కుముడులు

"పాత ఫొటోలుంటే చూపించండమ్మా, స్కాన్ చేసుకుని ఇక్కడికిక్కడే తిరిగి ఇచ్చేస్తాం" అని ఎవరైనా గుమ్మంలో నిలబడితే విశాఖ వన్ టౌన్‌లో ముందుగా వచ్చే జవాబు దాదాపు ఒకటే. "ఏటి బాబూ, మా ఫొటోలు మీకెందుకు?"

ఆ తర్వాత మిగతా ప్రశ్నలు వరసగా వస్తాయి. ఊరి చరిత్రకు రాజులు, కలెక్టర్లు కావాలి గానీ ట్రంకు పెట్టెలో ఉన్న మా అత్తగారి పెళ్లి ఫొటో దేనికి? ఇస్తే తిరిగొస్తుందా? ఫోన్లలో అందరికీ తిప్పేస్తారా? రేపు దాని మీద హక్కు ఎవరిది? ఈ ప్రశ్నల్లో ఒక్కటి కూడా తీసిపారేసేది కాదు. ఊరి జ్ఞాపకాలు సేకరించే పని బయటికి కనిపించేంత సులువు కాదు. ఫొటో, కథ, హక్కు, నిల్వ అన్నీ ఒకదానికొకటి పెనవేసుకుని ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

చరిత్ర సంఘం అంటే ఎవరు?

ఒక ఊరి గతం మీద ప్రేమ ఉన్నవాళ్లు నలుగురు చేరి ఆ ఊరి ఆనవాళ్లను పోగు చేస్తే అది చరిత్ర సంఘం. రిజిస్టర్ చేసుకోవాలంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. రిజిస్ట్రేషన్ లేకుండా ఆదివారం పూట పనిచేసే బృందాలూ ఉంటాయి.

మ్యూజియం ప్రధానంగా వస్తువును దాస్తుంది. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియంగా ఉంది. లోపలికి వెళ్తే ఇరుకు పడకలు, పైపులు, మీటర్లు కళ్ల ముందే ఉంటాయి. భర్త సముద్రం అడుగున ఉన్న రోజుల్లో ఇంటి దగ్గర భార్య ఎలా గడిపిందో మాత్రం ఆ ఉక్కు చెప్పలేదు. ఆర్కైవ్ అంటే దస్తావేజుల నిలయం. అక్కడ ప్రభుత్వం రాసుకున్నది దొరుకుతుంది. ఈ రెండిటికీ అందకుండా ఇళ్లల్లో, నోళ్లల్లో మిగిలిపోయినదాన్ని పట్టుకోవడం చరిత్ర సంఘం పని. నోటితో చెప్పినదాన్ని ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎక్కడ అనే వివరాలతో సహా రికార్డు చేస్తే దాన్ని మౌఖిక చరిత్ర అంటారు. ఆ వివరాలు లేకపోతే అది వట్టి కబురు.

మనకు కొత్తేమీ కాదు: కైఫీయత్తులు

ఊరూరా తిరిగి కథలు రాసుకోవడం తెలుగునాట రెండు వందల ఏళ్ల కిందటే జరిగింది. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ దగ్గర కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి పనిచేశారు. వాళ్లూ వాళ్ల మనుషులూ గ్రామాలకు వెళ్లి గుళ్లు, చెరువులు, వంశాల గురించి అడిగి రాయించారు. అవే కైఫీయత్తులు. తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు తీయించి కాపాడాడు. అవి లేకపోతే మన ఊళ్లలో చాలావాటికి రాతపూర్వకమైన గతమే ఉండేది కాదు.

ఆ రాతల్లో లోటూ ఉంది. ఊరి కథ చెప్పింది చాలావరకు కరణం, పూజారి, పెద్దకాపు. నీళ్లు మోసిన ఆవిడను ఎవరూ అడగలేదు. విశాఖ జిల్లా వివరాలతో బ్రిటిష్ అధికారులు ఇద్దరు పుస్తకాలు రాశారు: కార్‌మైకేల్ 1869లో మాన్యువల్, డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1907లో గెజెటీర్. రెండూ ఇప్పటికీ పనికొచ్చే పుస్తకాలే, కానీ వాటిలో జాలరి కులం గురించి ఉంటుంది తప్ప జాలరి మాట ఉండదు. ఇవాళ పెద జాలారిపేటకో, సోల్జర్‌పేటలో ఆంగ్లో ఇండియన్ ఇంటికో, రెల్లి వీధికో రికార్డర్ పట్టుకుని వెళ్తున్నారంటే ఆ లోటు పూడ్చడానికే. ఫొటోల విషయంలోనూ అదే తేడా. ఒకప్పుడు స్టూడియోకి వెళ్లగలిగినవాళ్ల మొహాలే మిగిలాయి. అందుకే ఫొటోలు మాత్రమే పోగు చేస్తే కలిగినవాళ్ల ఊరు ఒక్కటే తయారవుతుంది. ఫొటో లేని ఇంటి నుంచి కథ రావాలి.

ఒక ఫొటో చదవడం: "తొలి ఓడ, 1933"

ఒక ఉదాహరణ అనుకుందాం. మల్కాపురంలో ఒక ఇంట్లో అరచేయంత నలుపు తెలుపు ఫొటో దొరికింది. అందులో పెద్ద ఓడ, దాని నిండా జెండాల తోరణాలు, ముందు తలలు తలలుగా జనం. వెనక పెన్సిల్‌తో "తొలి ఓడ, 1933" అని ఉంది. ఇంటి పెద్దావిడ అంటుంది, "ఆ రోజు నెహ్రూ గారొచ్చారు. మా నాన్న నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని చూపించాడు."

రాత ఒకటి చెబుతోంది, మాట ఇంకొకటి చెబుతోంది. ఏది నిజం?

విశాఖకు "తొలి ఓడలు" రెండున్నాయి. హార్బరు కట్టాక 1933 అక్టోబరు 7న లోపలికి వచ్చిన మొదటి ఓడ జలదుర్గ. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ పోర్టును లాంఛనంగా ప్రారంభించాడు. రెండో "తొలి ఓడ" జల ఉష. సింధియా అనే ఓడల కంపెనీ వాళ్లు షిప్‌యార్డుకు 1941లో శంకుస్థాపన చేశారు. రాయి వేసింది బాబూ రాజేంద్ర ప్రసాద్. స్వతంత్రం వచ్చాక ఆ యార్డులో తయారైన జల ఉషకు 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించారు. ఒకటి మన రేవుకు వచ్చిన తొలి ఓడ, రెండోది మన రేవులో పుట్టిన తొలి ఓడ. రెండిటి పేరులోనూ "జల" ఉంది. ఇళ్లల్లో ఇవి కలిసిపోవడంలో వింతేముంది?

ఇప్పుడు ఫొటోను దగ్గరగా చూస్తే ఓడ కింద నీళ్లు కనిపించవు. వాలుగా ఉన్న దిమ్మె మీద, ఇరువైపులా దూలాల ఆసరాతో నిలబడి ఉంది. రేవుకు వచ్చిన ఓడ అలా ఉండదు. నీళ్లలోకి జారబోతున్న కొత్త ఓడ మాత్రమే అలా ఉంటుంది. అంటే ఇది షిప్‌యార్డు, 1948. పెద్దావిడ జ్ఞాపకమే నెగ్గింది, పెన్సిల్ రాత ఓడింది. ఆ రాత ఎవరో చాలా ఏళ్ల తర్వాత, పోర్టు ప్రారంభమైన సంవత్సరం విని రాసి ఉండొచ్చు.

సంఘం వాళ్లు ఇక్కడ ఏం చేస్తారన్నది ముఖ్యం. తప్పని తేలినా ఆ పెన్సిల్ రాతను చెరపరు. ఫొటో వెనక భాగాన్ని కూడా స్కాన్ చేస్తారు. వివరాల చీటీలో మూడూ విడివిడిగా రాస్తారు: వెనక రాసి ఉన్నది, పెద్దావిడ చెప్పినది, ఫొటో చూసి తేల్చినది. పదేళ్ల తర్వాత ఇంకొకరు వచ్చి మన తీర్పే తప్పని చూపించవచ్చు. అప్పుడు వాళ్లకు ఆ మూడూ కావాలి.

"బాంబులు పడ్డ ఏడు" అంటే ఎప్పుడు?

పెద్దవాళ్లు తేదీలతో మాట్లాడరు. సంఘటనలతో కాలాన్ని కొలుస్తారు. ఇప్పటివాళ్లకు హుద్‌హుద్ ముందు, హుద్‌హుద్ తర్వాత అని ఎలా ఉందో, ఒక తరానికి బాంబులు అలాగ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె కట్టుకుని పల్లెలకు తరలిపోయారు. యుద్ధకాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నే గుంటూరుకు తరలించాల్సి వచ్చింది.

"బాంబులు పడినప్పుడు నాకు ఆరో ఏడు" అని ఒకావిడ అంటే, సేకరించేవాళ్లు ఆ మాటను వెంటనే తేదీగా మార్చేయరు. ఆరో ఏడు అంటే ఆరు నిండాయనా, ఆరు నడుస్తోందనా? మన లెక్కలో చాలాసార్లు నడుస్తున్న ఏడే చెబుతారు. ఇంట్లో జాతకం కాగితం ఉండి, అందులో ధాత నామ సంవత్సరం అని ఉందనుకోండి. ధాత 1936 ఉగాది నుంచి 1937 ఉగాది దాకా. అంటే బాంబులు పడ్డ నాటికి ఆవిడకు సుమారుగా అయిదు నిండి ఆరు నడుస్తోంది. మాట, జాతకం సరిపోయాయి. తెలుగు సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి గనక, మనిషిని చూస్తే ధాత అంటే 1936 అవునో 1996 అవునో తెలిసిపోతుంది.

లెక్క కుదిరినా ఇంకో అనుమానం మిగులుతుంది. అయిదేళ్ల పిల్ల నిజంగా చూసినదెంత, తర్వాత అమ్మ చెప్పగా విని చూసినట్టు అనిపించేదెంత? ఇక్కడ చరిత్రకారుల్లో రెండు వాదాలున్నాయి. జ్ఞాపకం మారిపోతుంది, కాగితంతో సరిచూడనిదే దేన్నీ నమ్మకూడదని ఒక వాదం. ఓడ ఫొటోలో పెన్సిల్ రాత లాంటి తప్పులు మాటల్లో మరీ ఎక్కువని వాళ్లు గుర్తు చేస్తారు. రెండో వాదంలోనూ బలముంది. కాగితం రాసినవాడూ మనిషేగా? ఎన్ని బాంబులు పడ్డాయో, ఏం దెబ్బతిన్నదో సర్కారు కాగితంలో ఉంటుంది. పరుగు తీస్తూ పొయ్యి మీద అన్నం గిన్నె అలాగే వదిలేసి వెళ్లిన సంగతి ఏ ఫైలులోనూ ఉండదు. నా మట్టుకు నాకు ఎన్ని, ఎప్పుడు అనే ప్రశ్నలకు కాగితం మీద, ఎలా అనిపించింది అనే ప్రశ్నకు మనిషి మీద ఆధారపడటమే సబబనిపిస్తుంది.

ఒకే ఊరికి అన్ని కథలా?

కొన్నిచోట్ల సరిచూడటం అసలు కుదరదు, అవసరమూ లేదు. విశాఖ పేరునే తీసుకోండి. సముద్రంలో మునిగిపోయిన వైశాఖేశ్వరుడి గుడి వల్ల ఆ పేరు వచ్చిందని ఒకరంటారు. బౌద్ధ కథల్లోని విశాఖ అనే ఆవిడ వల్ల అని ఇంకొకరంటారు. దర్గా కొండ మీది ఇసాక్ మదీనా బాబా వల్ల ఇసాకపట్నం అయిందని మరొకరంటారు. శాసనాల్లో కులోత్తుంగ చోళపట్టణం అనే పేరూ కనిపిస్తుంది. పోర్టు దగ్గర పక్కపక్కనే ఉన్న మూడు కొండల మీద చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరికి ఒక్కటే కథ ఉంటేనే ఆశ్చర్యపోవాలి.

బురుజుపేట కనకమహాలక్ష్మి సంగతీ అంతే. శత్రువుల కంట పడకుండా అమ్మవారిని బావిలో దాచారని, 1912లో బయటపడిందని చెబుతారు. ఎడమ చెయ్యి ఎందుకు లేదంటే, తనను ప్రతిష్ఠించమన్న మాట కాదన్న బ్రాహ్మణుడి మీదికి అమ్మవారు కోపంతో చెయ్యెత్తితే శివుడు అడ్డుకుని ఆ చెయ్యి తీసేశాడని ఒక కథ. భక్తుడి దగ్గర ఇది విశ్వాసం. చరిత్ర సంఘం దగ్గర ఇది ఒక పేట తన గురించి తాను చెప్పుకునే మాట. దాన్ని తేదీతో, చెప్పినవాళ్ల పేరుతో రాసి ఉంచుతారు. నిజమని ముద్ర వెయ్యరు, అబద్ధమనీ అనరు.

ఉక్కు జ్ఞాపకం: ఒకే సంగతికి రెండు వైపులు

ఇది అన్నిటికంటే సున్నితమైనది. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అన్న నినాదం 1966లో ఊరంతా మార్మోగింది. తెన్నేటి విశ్వనాథం లాంటి పెద్దలు ముందు నడిచారు. నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. 1971 జనవరి 20న ఉక్కు ఫ్యాక్టరీకి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఇది ఆంధ్రులందరూ గర్వంగా చెప్పుకునే కథ, న్యాయంగానే చెప్పుకుంటారు.

ఆ ఫ్యాక్టరీ వచ్చిన నేల మీద అరవైకి పైగా గ్రామాలుండేవి. అక్కడి నుంచి లేచి గాజువాక చుట్టుపక్కల కాలనీల్లో స్థిరపడ్డ కుటుంబాల దగ్గర ఇంకో కథ ఉంది. వాళ్ల చేతిలో మిగిలిన కాగితం ఆర్-కార్డు, అంటే నిర్వాసిత కుటుంబమని ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు. ఊరి ఫొటో మాత్రం చాలా ఇళ్లల్లో లేదు. అప్పట్లో పల్లెలో కెమెరా ఎవరి దగ్గరుంది?

ఫొటో లేనిచోట పనికొచ్చే పద్ధతి ఒకటుంది. ఒక పెద్ద తెల్ల కాగితం పరిచి, ఆ ఊరి పెద్దవాళ్లను నలుగురినీ కూర్చోబెట్టి, ఊరి పటం గీయించడం. రామాలయం ఎక్కడ, మంచినీళ్ల బావి ఎక్కడ, జీడితోట ఏ వైపు అని గీస్తూ ఉంటే ఒకరి గీతను మరొకరు దిద్దుతారు. "బావి అక్కడ కాదురా, చింతచెట్టుకి ఇవతల" అని వాదన మొదలైందంటే అసలైన కథలు అప్పుడే బయటికొస్తాయి. ఉద్యమంలో తిరిగినవారి మాట, ఊరు వదిలినవారి మాట రెండూ ఒకే సేకరణలో పక్కపక్కన ఉండాలి. ఒక్కోసారి ఆ ఇద్దరూ ఒకే కుటుంబంవాళ్లు.

రాసేటప్పుడు యాస ఏమవుతుంది?

రికార్డు చేసిన మాటను అక్షరాల్లో పెట్టేటప్పుడు చెయ్యి తెలియకుండానే దిద్దేస్తుంది. "నాను సూసినాను" అన్నది "నేను చూశాను" అవుతుంది. చదవడానికి హాయిగా ఉంటుంది గానీ మనిషి మాయమవుతాడు. అలాగని ప్రతి యాస మాటనూ పట్టి పట్టి రాస్తే, చెప్పిన మనిషిని వెక్కిరిస్తున్నట్టు వాళ్లింట్లో వాళ్లకే అనిపించవచ్చు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు పోరాడిన ఉత్తరాంధ్రలో ఈ చర్చ ఇంకా తెగలేదు. యాసతో ఉన్న ఆడియోను మార్చకుండా దాచి, రాతను చెప్పినవాళ్లకే చదివి వినిపించి, వాళ్లు ఒప్పుకున్న రూపంలో ఉంచడం చాలామంది అనుసరించే మధ్యేమార్గం.

ఫొటో ఎవరిది? నాలుగు రకాల "నాది"

ఒక ఫొటో విషయంలో "నాది" అనే మాటకు కనీసం నాలుగు అర్థాలున్నాయి. కాగితం ఎవరి దగ్గర ఉంది, కాపీరైట్ ఎవరిది, ఫొటోలో ఉన్నదెవరు, స్కాన్ ఎవరు తీశారు. ఇవి కలిసిపోవడం వల్లే గొడవలు వస్తాయి.

1968లో ఒక పెళ్లికి పెళ్లికూతురి తండ్రి డబ్బిచ్చి స్టూడియో అతన్ని పిలిపించాడనుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న మనిషే మొదటి హక్కుదారు. అదే స్టూడియో అతను తన ముచ్చట కొద్దీ కురుపాం మార్కెట్ వీధిని తీసుకుంటే ఆ హక్కు అతనిది. పత్రికలో జీతానికి పనిచేస్తూ తీస్తే, పత్రికలో వేయడం మటుకు హక్కు పత్రికది. 2012 సవరణ తర్వాత ఫొటోలకు కూడా రచనలకు లాగే, తీసిన మనిషి చనిపోయాక 60 ఏళ్ల దాకా అని గడువు వచ్చింది. స్కాన్ తీసినంత మాత్రాన సంఘానికి కాపీరైట్ రాదు.

పెళ్లికూతురి తండ్రి పోయాక ఆ హక్కు వారసులందరిదీ. నలుగురు పిల్లల్లో ఒక్కరు సంతకం పెట్టి, మిగతా ముగ్గురికి తెలియకపోతే రేపు మాట వస్తుంది. ఇక ఫొటోలో ఉన్నవాళ్ల సంగతి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తేల్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో పరిశోధన, ఆర్కైవ్ పనులకు షరతులతో మినహాయింపు ఉంది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన మనసులు ఒప్పుకుంటాయని లేదు. విడిపోయిన దంపతుల పెళ్లి ఫొటో, పోయిన బిడ్డ పక్కన కూర్చున్న తల్లి ఫొటో ఎవరి ఇంట్లోనైనా ఉంటాయి.

అందుకే సమ్మతి పత్రం ఒక్క సంతకంతో అయిపోదు. సంఘంలో కూర్చుని చూడొచ్చా, పుస్తకంలో వేయొచ్చా, ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా అని విడివిడిగా అడుగుతారు. అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంటేనే చరిత్ర బతుకుతుందని కొందరి నమ్మకం. ఇచ్చిన కుటుంబం చేతిలోనే తాళం ఉండాలని మరికొందరి పట్టుదల. మొదటివాళ్ల పద్ధతిలో ఎక్కడో ఉన్న మనవడికి తాతమ్మ మొహం దొరుకుతుంది. రెండోవాళ్ల పద్ధతిలో ఆ తాతమ్మ ఫొటో ఎవరి దుకాణం ప్రకటనలోనో తేలదు.

స్కాన్ అయ్యాక ఎక్కడ ఉంచుతారు?

నాలుగు అంగుళాలు ఆరు అంగుళాల ఫొటోను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 2400 గుణించు 3600, అంటే సుమారు 86 లక్షల చుక్కలు వస్తాయి. రంగు వివరాలతో, కుదించకుండా దాస్తే దాదాపు 26 ఎంబీ. వెయ్యి ఫొటోలు 26 జీబీ. ఈ రోజుల్లో అది చిన్న పెన్‌డ్రైవులో పట్టేంత. అదే ఫొటోను ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో మామూలుగా పంపితే చాలా భాగం కుదించుకుపోతుంది. చూడటానికి బాగానే ఉంటుంది గానీ, పెద్దది చేసి వెనక గోడ మీద బోర్డు చదవాలంటే అక్షరాలు అలుక్కుపోతాయి. ఏ వీధో, ఏ ఏడో చెప్పేది తరచుగా ఆ బోర్డే.

మూడు నకళ్లు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఊళ్లో అన్నది ఆర్కైవ్ పని చేసేవాళ్ల లెక్క. విశాఖలాంటి తీరంలో ఆ మూడోది ఎంత అవసరమో నాకు 2014 అక్టోబరు 12న అర్థమైంది. హుద్‌హుద్ రోజు మా ఇంటి కిటికీ రెక్క ఊడి వాన నీళ్లు బీరువా కింది అరలోకి వెళ్లాయి. మర్నాడు కరెంటు లేదు. ఆల్బమ్ తీసి మంచం మీద పరిచాం. అది జిగురు పేజీ మీద ఫొటో పెట్టి పైన ప్లాస్టిక్ కాగితం కప్పే రకం. తడి ఆరకముందే ప్లాస్టిక్‌ను మెల్లగా లాగాను. మా తాతయ్య మొహం ప్లాస్టిక్‌కు అంటుకుని ఊడొచ్చింది. కోటు, చేతికర్ర, వెనక స్టూడియో తెర మాత్రం కాగితం మీద మిగిలాయి.

మా పెద్దమ్మగారి ఇల్లు ఖరగ్‌పూర్‌లో. పెదనాన్న రైల్వేలో పనిచేసి అక్కడే ఉండిపోయాడు. వాళ్ల దగ్గర అదే రోజు తీయించిన ఇంకో ప్రింటు ఉందని నెల రోజుల తర్వాత తెలిసింది. మా ప్రింటు వెనక ఏమీ లేదు. దాని వెనక మాత్రం తాతయ్య చేతిరాతలో రెండు ముక్కలున్నాయి: "పెద్దమ్మాయికి. వాల్తేరులో తీయించాను. రైలు ఎక్కే ముందు."